త్రికోణమితి: దాని పుట్టువు, దాని బోధ

పదవతరగతి చదువు బిడ్డలున్న యిండ్లలో నొక కష్టము తఱచుగా వినబడుచుండును. అంతవఱకు లెక్కలలో నెట్లో నెగ్గుకొని వచ్చిన బాలుడో బాలికయో త్రికోణమితి యను ప్రకరణము రాగానే పుస్తకము ముందుంచుకొని నిలిచిపోవును. సైను, కొసైను, టాంజెంటు అను మూడు పేళ్లును, వాని వెంట తలక్రిందులై వచ్చు మఱి మూడు పేళ్లును, ముప్పది, నలువదియైదు, అఱువది డిగ్రీలకు వాని విలువల పట్టికయు, వర్గములతో గూడిన సూత్రములును ఒక్కమాఱుగ మీద పడును. తండ్రి తాను చదివినది మఱచిపోయి యుండును. తల్లికి బాల్యమున నా చదువు చెప్పించినవారే లేకపోయి యుండవచ్చును. అన్న యెవడైన నున్నచో విసుగుకొని లెక్క తానే చేసి యిచ్చును. బిడ్డ దానిని చక్కగ నెత్తి వ్రాసికొని పోవును. మఱునాడు లెక్కలో అంకె మారినంతనే కథ మొదటికి వచ్చును. ఇట్లు నాలుగు మాఱులు జరిగిన పిమ్మట "మా బిడ్డకు లెక్కల బుద్ధి లేదు" అని పెద్దలు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు ఆడుబిడ్డ విషయమున మఱింత త్వరగా వెలువడును. అంతటితో నామెకు శాస్త్రవిద్యల త్రోవయే మూతపడును.

ఈ తీర్పు న్యాయమైనది కాదని మా మతము. బిడ్డ బుద్ధిలో నున్న లోపముకంటె, శాస్త్రము బిడ్డ చేతికి వచ్చిన తీరులో నున్న లోపము పెద్దది. పదునైదు వందల యేండ్లకు పైగా అనేక దేశముల పండితులు ఒకరి నుండి యొకరు అందుకొని పెంచిన విద్య యిది. చేతులు మారిన కొలదిని దాని పేళ్లకు అర్థము పోయినది. దాని సూత్రములకు కారణము వెనుకబడినది. మిగిలిన పైతొడుగే నేటి బాలుని పుస్తకములో నున్నది. కావున ఇంటి లెక్కకు సాయము చేయగోరు పెద్దలు మొదట నీ విద్య యెట్లు పుట్టినదో కొంత తెలిసికొనుట యవసరము.

పేరు త్రికోణమితియే యైనను ఈ శాస్త్రము త్రికోణములను కొలుచుటకై పుట్టినది కాదు. ఆకాశమును కొలుచుటకై పుట్టినది. సూర్యచంద్రులును గ్రహములును వృత్తములపై సంచరించునని తలచిన ప్రాచీనులకు, వృత్తమున నొక చాపము తెలిసినపుడు దాని రెండు కొనలకు నడుమ తిన్నని దూర మెంత యను ప్రశ్న అడుగడుగున నెదురయ్యెను. గ్రీకు పండితుడగు హిప్పార్కసు క్రీ.పూ. 2వ శతాబ్దమున ఇట్టి దూరముల పట్టిక నొకదానిని కూర్చెను, అది నశించినది. క్రీ.శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందలి టాలెమీ వ్యాసార్ధమును 60 భాగములుగ నెంచుకొని, అర అంశమున కొకటి చొప్పున అట్టి పట్టికను వ్రాసెను. అది నేటికిని నిలిచియున్నది.

మన దేశపు జ్యోతిష్కులు ఈ చిత్రమును విల్లుగ భావించిరి. వృత్తములో కొంత భాగమును తీసికొని దాని కొనలను తిన్నని గీతతో కలిపినచో అది యెక్కుపెట్టిన వింటివలె కనబడును. వంగిన భాగము చాపము. కొనలను కలుపు గీత జ్య, అనగా వింటినారి. నారి నడుమ నుండి వింటి నడుమకు పోవునది శరము, అనగా బాణము. ఇంత సుబోధములైన పేళ్లు మఱి యే శాస్త్రమునకును దొరకవు. వారు చేసిన మఱియొక మార్పు ఇంతకంటె ముఖ్యమైనది. గ్రీకులు నారినంతటిని లెక్కించిరి. మనవారు దానిలో సగమును మాత్రమే తీసికొనిరి. దీనినే అర్ధజ్య యనిరి. కాలక్రమమున 'అర్ధ' శబ్దమును విడిచి జ్య యనియే వాడిరి.

సగమునకు మాఱుటలో నేమి లాభమని యడుగవచ్చును. వింటి యొక కొన నుండి వృత్తకేంద్రమునకు గీత గీసిన యెడల, ఆ గీతయు, సగము నారియు, కేంద్రము నుండి నారి నడుమకు పోవు గీతయు గలిసి లంబకోణ త్రికోణ మేర్పడును. అది మనకు చిరపరిచితమైన భుజ, కోటి, కర్ణముల త్రికోణమే. భుజకోటుల వర్గములు కలిపినచో కర్ణవర్గము వచ్చునను నియమము దానికి వర్తించును. నారినంతటిని లెక్కించువాడు ఆ త్రికోణమును చేరుటకు ప్రతిమాఱును కోణమును రెట్టింపు చేసి ఫలమును సగము చేయవలెను. సగము నారిని తీసికొన్నవానికి ఆ శ్రమ లేదు. నేడు బిడ్డలు బెదరుచు వల్లించు "సైను వర్గమును కొసైను వర్గమును కలిసిన ఒకటి" యను సూత్రము ఆ భుజకోటికర్ణ న్యాయముకంటె వేఱు కాదు. కర్ణము ఒకటి యని యెంచుకొనుటయే భేదము.

476వ సంవత్సరమున జన్మించిన ఆర్యభటుడు 499లో ఆర్యభటీయమును రచించెను. వృత్తపరిధిలో 360 అంశములు, అంశమునకు 60 కలలు చొప్పున 21600 కలలు గలవు. వ్యాసము 20000 అయినచో పరిధి సుమారు 62832 అని ఆయనయే చెప్పినాడు. ఆ లెక్కను బట్టి 21600 కలల పరిధికి వ్యాసార్ధము 3438 కలలగును. అంత వ్యాసార్ధముగల వృత్తములో పాదభాగమును 24 సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు అర్ధజ్య యెంతెంత పెరుగునో ఒకే శ్లోకమున అక్షరసంకేతములతో నిమిడ్చెను. ఆ పెరుగుదలలు 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని మొదలై క్రమముగ తగ్గి కడపట 22, 7 అని ముగియును. ఇరువదినాలుగింటిని కలిపినచో సరిగా 3438 వచ్చును.

మా పాఠకులు పైన వ్రాసిన మొదటి ఎనిమిది సంఖ్యలను కూడి చూతురు గాక. 1719 వచ్చును, అది 3438లో సరిగా సగము. ఎనిమిది భాగము లనగా 30 అంశములు. "సైను ముప్పది యనగా అర" యని బిడ్డ కంఠస్థము చేయు వాక్య మిదియే. అర యేల కావలెను? దీనికిని ఆర్యభటుడే యాధారము చూపినాడు: పరిధిలో ఆఱవ భాగమునకు నారి వ్యాసార్ధముతో సమానము. వృత్తములో వ్యాసార్ధమంత పొడవుగల గీతలను వరుసగా పేర్చిన యెడల ఆఱు గీతలతో తేనెపట్టు గదివంటి రూపము పూర్తియగును. ఒక్కొక్క గీత 60 అంశముల వింటికి నారి. దానిలో సగము 30 అంశముల అర్ధజ్య. కనుక అది వ్యాసార్ధములో సగము. కంపాసు పట్టి యీ యాఱు గీతలు గీసిన బిడ్డ యీ విలువను మఱల వల్లింప నక్కఱలేదు. నలువదియైదు అంశములకు భుజయు కోటియు సమానములు. కావున ఒక్కొక్కదాని వర్గము కర్ణవర్గములో సగము. అఱువదికి, ముప్పదికి భుజకోటులు తారుమాఱగును. బిడ్డను బాధించు పట్టిక యంతయు ఈ మూడు మాటలలో నున్నది.

ఇంత తేటయైన శాస్త్రమునకు 'సైను' అను అర్థము తెలియని పేరెట్లు వచ్చెను? జ్య యను మాటకు జీవా యని పర్యాయపదము గలదు. మన సిద్ధాంతగ్రంథములు అరబ్బుల చేతికి పోయినపుడు వారు ఆ మాటను 'జీబ' యని పలికిరి. వారి లిపిలో హ్రస్వాచ్చులను వ్రాయు నలవాటు లేదు. కావున కాలక్రమమున చదువరులు దానిని తమ భాషలో నున్న 'జైబ్' అను మాటగ చదివిరి. దానికి వస్త్రపు మడత, వక్షస్థలము మున్నగు అర్థములు గలవు. 12వ శతాబ్దమున అరబ్బీ గ్రంథములను లాటినులోనికి మార్చిన పండితులు ఆ యర్థమునే గ్రహించి 'సైనస్' అని తర్జుమా చేసిరి. వింటినారి వస్త్రపు మడతయైనది. ఆ మాటయే నేటి సైను. కోటిజ్యకు సమానమైన కొసైను అను పొట్టిపేరును 1620లో ఇంగ్లండు దేశస్థుడగు ఎడ్మండు గంటరు కల్పించెను. టాంజెంటు అను పేరును 1583లో థామస్ ఫింకే పెట్టెను. ఈ శాస్త్రమున కంతటికిని త్రికోణమితి యను నర్థమిచ్చు పేరు 1595లో పిటిస్కసు ప్రచురించిన గ్రంథముతో వచ్చినది.

ఇందువలన విద్య యంతయు మనదే, ఇతరులు పాడుచేసిరి అని చెప్పుట మా యుద్దేశము కాదు. పట్టికను మొదట తలపెట్టినవారు గ్రీకులు. అరబ్బులు అందుకొన్న దానిని ఎంతో పెంచిరి. నీడల లెక్కకై 9వ శతాబ్దమున వారు కూర్చిన పట్టికలే నేటి టాంజెంటు పట్టికలకు మూలములు. నేటి సంకేతములను దిద్దితీర్చినది ఐరోపా. అందఱి చేయియు నీ విద్యలో నున్నది. మేము చెప్పున దొక్కటే: పేరులో అర్థము చచ్చిపోయినపుడు దానిని మఱల బ్రదికించి చెప్పుట బోధకుని విధి. సైను అను మాటను తీసివేయ నక్కఱలేదు. అది వింటినారిలో సగమని మొదటి దినముననే చెప్పిన చాలును.

ఇక సాయము మాట. ఈ విద్యలో సాయము కోరుట నేటి బాలునితో మొదలైనది కాదు. ఇరువదినాలుగు సంఖ్యల పట్టికను జ్ఞాపక ముంచుకొనుట కష్టమని 7వ శతాబ్దమునాటి మొదటి భాస్కరుడు పట్టికతో పని లేని సూక్ష్మమార్గము నొకదానిని మహాభాస్కరీయమున చెప్పెను. కోణపు అంశములను 180 నుండి తీసివేసి, శేషమును ఆ అంశములచేతనే గుణింపవలెను. ఆ గుణలబ్ధమునకు నాలుగు రెట్లు భాజ్యము. 40500 నుండి ఆ గుణలబ్ధమును తీసివేయగా మిగిలినది భాజకము. ముప్పది అంశములకు గుణలబ్ధము 4500. భాజ్యము 18000, భాజకము 36000, ఫలము సరిగా అర. తొంబదికి సరిగా ఒకటి వచ్చును. నలువదియైదునకు 0.7059 వచ్చును, నిజమైన విలువ 0.7071. పదమూడు వందల యేండ్లనాడు ఇంత చిన్న సాధనముతో ఇంత దగ్గఱకు వచ్చుట అబ్బురము. అయినను ఆ మార్గ మెట్లు పుట్టినదో భాస్కరుడు చెప్పలేదు. అది ఫలము నిచ్చు సాయము. కారణము నిచ్చునది కాదు.

కారణము లేని ఫలము చాలదని మన పూర్వులకు తెలియకపోలేదు. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన రెండవ భాస్కరుడు, ఉపపత్తి తెలియని గణకునికి పండితసభలో గౌరవము కలుగదనియు, వాని సంశయము తీరదనియు చెప్పెను. రెండు కోణములను కూడినపుడు అర్ధజ్య యెంతయగునో తెలుపు సూత్రము ఆయన జ్యోత్పత్తి ప్రకరణమున గలదు. అయినను ఉపపత్తి తఱచుగా గురుముఖమున నుండెడిది. గ్రంథమున సూత్రము మాత్రమే యుండెడిది. గురువు దొరకినవానికి విద్య, దొరకనివానికి శ్లోకము.

ఈ యలవాటును దాటినవారు కేరళదేశపు గణకులు. 14వ శతాబ్దమున సంగమగ్రామ మాధవుడు అర్ధజ్యను అంతులేని పదముల శ్రేణిగ వ్రాయు విధమును కనుగొనెను. ఐరోపాలో నట్టి శ్రేణులు 17వ శతాబ్దమునగాని రాలేదు. ఆ పరంపరలోని జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతమున యుక్తిభాష యను గ్రంథమును వ్రాసెను. దానియందు సూత్రములతోపాటు వాని యుక్తులు, అనగా అవి యేల నిజములో తెలుపు కారణములు, మెట్టుమెట్టుగ వివరింపబడినవి. అంతకంటె గొప్ప విశేష మేమనగా, అది సంస్కృతమున గాక మలయాళమున, పద్యమున గాక గద్యమున వ్రాయబడినది. కఠినమైన శాస్త్రము తల్లిభాషలో తార్కికముగ చెప్పుటకు వీలు పడదను వారికి ఈ గ్రంథమే ప్రత్యుత్తరము. కేరళగణకుల యీ పనిని 1834 ప్రాంతమున విష్ అను నాంగ్లోద్యోగి పండితలోకమునకు తెలిపెను. యుక్తిభాషలోని గణితభాగము వ్యాఖ్యతో 1948లో త్రిచూరున అచ్చుపడినది. మన తెనుగునను పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములుగ చేసి గణితమునకు దారి తీసినాడు. కాని అది లెక్కలకును క్షేత్రగణితమునకును సంబంధించినది.

ఆంగ్లప్రభుత్వకాలమున త్రికోణమితి మన నేలమీదికి మఱియొక రూపమున వచ్చినది. 1802లో విలియం లాంబ్టన్ మదరాసు దగ్గఱ సెంటు థామస్ కొండ చెంత సుమారు ఏడున్నర మైళ్ల పొడవుగల ఆధారరేఖను గొలుసుతో కొలిపించి దేశమును కొలుచుట కారంభించెను. ఒక భుజమును నేలమీద కొలిచి, దాని రెండు కొనల నుండి దూరపు కొండ కనబడు కోణములను థియొడొలైటు అను యంత్రముతో చూచినచో, తక్కిన రెండు భుజములు గొలుసు పట్టకయే తెలియును. ఏలయన భుజములు వాని కెదుటి కోణముల సైనుల నిష్పత్తిలో నుండును. ఆ త్రికోణముపై మఱియొక త్రికోణము, దానిపై వేఱొకటి, ఇట్లు దేశమంతయు అల్లుకొనిపోయిరి. 1811లో అనంతపుర మండలమందలి గుత్తివద్ద నొక ఆధారరేఖ కొలువబడెను. 1831లో ఈ శాఖలో గణకుడుగ చేరిన రాధానాథ సిక్దారు 1852లో హిమాలయశిఖరములలో నొకదాని లెక్క కట్టి అది తక్కిన యన్నిటికంటె ఉన్నతమని తేల్చెను. 1856లో ప్రకటింపబడిన దాని యెత్తు 29002 అడుగులు. అదియే ఎవరెస్టు శిఖరము. మన పిల్లవాడు "ఇది యెందులకు పనికివచ్చు"నని యడిగినపుడు చెప్పదగిన కథ యిది.

అయితే పాఠశాలలలో ఈ విద్య ఇంగ్లీషు పుస్తకముల ద్వారమున వచ్చి, పరీక్షకు సూత్రములుగ స్థిరపడినది. అట్టి పుస్తకములలో 1893లో వెలువడిన లోనీ పండితుని త్రికోణమితి ప్రసిద్ధము. 1887లో జన్మించిన శ్రీనివాస రామానుజన్ కుంభకోణమున నాలుగవ ఫారము చదువు దినములలో, పొరుగున నున్న బి.ఏ. విద్యార్థి నుండి దానిని ఎరువు తెచ్చుకొని ఎవరి సాయమును లేక లెక్కలన్నియు చేసెను. తరువాత ఆ బి.ఏ. విద్యార్థియే కఠినమైన లెక్కలకు ఆ చిన్న బాలుని దగ్గఱకు వచ్చుచుండెనని ఆయన జీవితచరిత్రము వ్రాసిన శేషు అయ్యరు, రామచంద్రరావుగార్లు తెలిపిరి. ఇంటిలెక్కకు సాయము కోరిన కథలలో దీనికి మించినది లేదు. సాయమడుగుటకు వయస్సును డిగ్రీని చూడని ఆ విద్యార్థియు మెచ్చదగినవాడే.

ఈ కథను చెప్పి "రామానుజన్‌కు ఎవరు సాయము చేసిరి? నీవును కష్టపడుము" అని బిడ్డలను గద్దించువారు గలరు. అది తప్పు. సైను, కొసైనులకు తాను స్వయముగ కనుగొన్న సిద్ధాంతములు అంతకుముందే ఐరోపాలో తెలిసినవని విని రామానుజన్ మిక్కిలి చిన్నబోయి, ఆ కాగితములను ఇంటి కప్పులో దాచెనని ఆ జీవితచరిత్రముననే యున్నది. చెప్పువాడు లేకపోవుటచే అంతటి మహామతికే అంత శ్రమ వృథయైన యెడల సామాన్యబాలుని గతి యేమి?

కావున సాయము చేయవలసినదే. ఎట్టి సాయమన్నదే ప్రశ్న. నేడు చేతిలోని ఫోనుకు లెక్కను చూపినంతమాత్రమున సమాధానము మెట్లతో సహా తెరపై వచ్చుచున్నది. ఇది మొదటి భాస్కరుని సూక్ష్మమార్గము వంటి సాయము. ఫలము తెలియును, విద్య కలుగదు. పూర్వము లెక్క చేసియిచ్చు అన్నయు ఈ యంత్రమునకు తీసిపోడు. బిడ్డకు కావలసినది జ్యేష్ఠదేవుని సాయము.

దానికి పెద్దలు గణితపండితులు కానక్కఱలేదు. ఒక వృత్తము గీయించి, విల్లును నారిని బాణమును బిడ్డచేతనే చూపింపవలెను. ఎండవేళ పెరటిలో పండ్రెండంగుళముల కఱ్ఱను నిలిపి దాని నీడను కొలిపింపవలెను. నీడ పదునాఱంగుళములై, అప్పుడే కొబ్బరిచెట్టు నీడ నలువది అడుగులైనచో, చెట్టు ముప్పది అడుగులని బిడ్డయే చెప్పును. కఱ్ఱను నీడచే భాగింపగా వచ్చు ముప్పాతికయే టాంజెంటు అనియు, ఆ సమయమున సూర్యుడు సుమారు 37 అంశముల ఎత్తున నున్నాడనియు అటుపిమ్మట చెప్పవచ్చును. చెట్టెక్కక చెట్టును కొలిచినవానికి సూత్రమన్న భయ ముండదు.

చదువులేని తల్లియు చేయగల సాయ మొకటి గలదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి "ఇది యేల యిట్లయినది? నాకు తెలియునట్లు చెప్పుము" అని యడుగుటయే. తల్లికి తెలియజెప్పవలెనన్న బిడ్డ పుస్తకపు మాటలను విడిచి తన మాటలలో చెప్పవలెను. ఎక్కడ మాట ఆగిపోవునో అక్కడనే సందేహమున్నట్లు బిడ్డకే తెలిసిపోవును. మఱునాడు ఉపాధ్యాయుని అడుగవలసినది అదియే. ఉపాధ్యాయులును ఆ ప్రశ్నను విసుగుకొనక గౌరవింపవలెను.

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠశాలలలో పదవతరగతి చదువు ప్రతి బాలికయు ఈ విద్య గుమ్మము తొక్కుచున్నది. ఆ గుమ్మమున ఆమె తొట్రుపడినపుడు "నీ కిది రాదు" అనునంతటి అపకారము మఱియొకటి లేదు. వింటినారిలో సగమును చూపి, కారణమును తల్లిభాషలో చెప్పి, నాలుగు దినములు ఓపికపట్టిన పిమ్మటగాని ఎవ్వరి బుద్ధిని గుఱించియు తీర్పు చెప్పరాదు. అట్లు చెప్పి చూచిన యెడల, తీర్పు చెప్పవలసిన యవసరము పెక్కు ఇండ్లలో కలుగదని మా నమ్మకము.